జపాను చారు – మా అత్తగారు



"అమ్మా, ఈ ఆదివారం ఇడ్లీ వద్దు, సుషీ చెయ్యి" అని మా పెద్దవాడు అన్న రోజున నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. చిన్నదేమో కొరియా సీరియళ్లు చూసి చూసి కిమ్చీ కావాలంటుంది. మీ ఇళ్లల్లోనూ ఇదే వరస అయి ఉంటుంది. హోటలుకి వెళదామంటే నలుగురికీ అయ్యే బిల్లుతో మనం నెలకి సరిపడా పప్పులు తెచ్చుకోవచ్చును. ఇంట్లో చేద్దామంటే, చేతికేది అందితే అది, నల్ల సాసు, ఎర్ర సాసు పోసి కలిపేసి, దానికో విదేశీ పేరు పెట్టేసుకుంటాం. పిల్లలు తింటారు. కానీ అది జపాను వంటా కాదు, మన వంటా కాదు.

2018 ఫిబ్రవరిలో మా చెల్లెలి పురుడికని టోక్యో వెళ్లి మూడు నెలలు ఉన్నాను. అందుకే ఈ విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. మా చెల్లెలు వాళ్లుండేది నిషి కసాయి అనే పేటలో. అక్కడ మన దేశం వాళ్లు చాలామంది ఉన్నారు, కందిపప్పు దగ్గర్నుంచి కరివేపాకు దాకా దొరుకుతాయి. ఆ సంగతి తెలియక నేను సగం పెట్టె నిండా చింతపండు, కందిపొడి, ఆవకాయ మోసుకుపోయాను. అక్కడి వంట తినవలసి వస్తుందేమోనని భయం. ఆ భయం పోగొట్టింది పక్కవాటాలో ఉండే ఓ పెద్దావిడ. డెబ్బయి అయిదేళ్లుంటాయి, ఒక్కతే ఉంటుంది. బిడ్డ పుట్టిందని తెలిసి మూత పెట్టిన గిన్నె పట్టుకుని వచ్చింది. ఏమిటా అని మూత తీస్తే మెత్తగా ఉడికించిన అన్నం జావ, మధ్యలో ముడుచుకుపోయిన ఎర్రటి కాయ ఒకటి. ఆ జావ పేరు ఒకాయు. కాయ పేరు ఉమెబోషి. ఉప్పులో ఊరవేసి ఎండబెట్టిన పుల్లకాయ. జ్వరం వచ్చినా, ఒంట్లో బాగా లేకపోయినా అక్కడి తల్లులు పెట్టేది ఇదేనట. మా అమ్మ మాకు పెట్టిన జావ, ఊరగాయ బద్ద గుర్తుకొచ్చి నవ్వొచ్చింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మనకో పట్టింపు ఉంది కదా, మర్నాడు పులిహోర పెట్టి పంపాను. చింతపండు పులుపు ఆవిడకి తెగ నచ్చింది. ఎండుమిరపకాయ మాత్రం కొరికి, ఎర్రబడిన కళ్లతో మళ్లీ మళ్లీ వంగి నమస్కారం పెట్టింది. అప్పటి నుంచి ఆవిడ వంటింట్లో ఓ మూల నిలబడి చూడడం నాకు అలవాటయింది. మా ఇద్దరికీ భాష లేదు. వంటింట్లో అంతగా అవసరమూ పడలేదు.

నేను చూసిందేమిటంటే, అక్కడా భోజనానికి కేంద్రం అన్నమే. ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో చారు, పక్కన రెండు మూడు చిన్న వంటకాలు, ఊరగాయ. దీనినే వాళ్లు ఇచిజూ సాన్సాయ్ అంటారు, ఒక చారు, మూడు కూరలు అని. మనం విస్తట్లో వడ్డించుకునే లెక్కే. తేడా ఎక్కడంటే, మనం అన్నీ అన్నంలో కలుపుకుంటాం. వాళ్లు దేనికది విడిగా తింటారు, అన్నం తెల్లగానే ఉంటుంది. అన్నంలో ఉప్పు కూడా వెయ్యరు. భోజనానికి ముందు చేతులు జోడించి ఇతదాకిమాసు అంటారు, వినయంగా స్వీకరిస్తున్నాను అని. అయ్యాక గొచిసోసమ అంటారు. పెద్దావిడ ఒక్కతే తినేటప్పుడు కూడా అనేది.

ముందు అన్నం సంగతి చెప్తాను, అది కుదిరితే సగం పని అయినట్టే. జపాను బియ్యపు గింజ పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. వండితే మెతుకుని మెతుకు పట్టుకుంటుంది. పెద్ద ఊళ్లల్లో కొన్ని దుకాణాల్లో దొరుకుతోంది, ధర మాత్రం ఎక్కువే. అది లేకపోతే బాస్మతి జోలికి పోకండి. కొత్త బియ్యం అన్నం ముద్దయిపోతుందని మనం విసుక్కుంటామే, ఆ విసుక్కునే గుణమే ఇక్కడ కావాలి. పొట్టి గింజ కొత్త బియ్యం తీసుకుని, నీళ్లు తేటపడే దాకా మూడు నాలుగుసార్లు కడిగి, అరగంట నానబెట్టండి. గ్లాసు బియ్యానికి గ్లాసుంబావు నీళ్లు. గంజి వార్చకూడదు. దళసరి గిన్నెలో మూత పెట్టి, పొంగు రాగానే మంట బాగా తగ్గించి 12 నిమిషాలు ఉంచి దింపండి. తరువాత 10 నిమిషాలు మూత తియ్యకండి. పిల్లలు తీస్తామంటారు, తియ్యనివ్వకండి. ఆ ఆవిరిలోనే మెతుకు లోపలి దాకా మగ్గుతుంది.

ఈ అన్నం వేడిగా ఉండగానే చేతులు తడి చేసుకుని, కాస్త ఉప్పు రాసుకుని, మధ్యలో ఏదైనా పులుపు పెట్టి ముద్ద చేస్తే అది ఒనిగిరి. అక్కడ ఉమెబోషి పెడతారు. నేను మన నిమ్మకాయ ఊరగాయ ముక్క, గుజ్జు తుడిచేసి పెడుతున్నాను. నోరి అనే ఎండు నాచు పట్టీ తినే ముందు చుట్టాలి, ముందే చుడితే తోలులా సాగుతుంది. మా వాడు కాలేజీకి ఇదే పట్టుకెళుతున్నాడు. చెంచా అక్కరలేదు, డబ్బాలో కారదు. గోరుముద్ద తిని పెరిగిన పిల్లలకి ఇదేమంత కొత్త?

ఇక సుషీ. సుషీ అంటే పచ్చిచేప అనుకుంటాం. కాదు. వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన అన్నంతో చేసేది సుషీ. పచ్చిచేప ముక్కలు వట్టివే పెడితే దాని పేరు సాషిమీ. అన్నానికి రెండు గ్లాసుల బియ్యమైతే మూడు పెద్ద చెంచాల వెనిగర్, ఒకటిన్నర పెద్ద చెంచా పంచదార, ఒక చిన్న చెంచా ఉప్పు కరగబెట్టి, వేడి అన్నం మీద చల్లి, విసనకర్రతో విసురుతూ గరిటెతో కోసినట్టు కలపాలి. చిదమకూడదు. మన దుకాణాల్లో దొరికే తెల్ల వెనిగర్ ఘాటుగా ఉంటుంది కనుక కాస్త నీళ్లు చేర్చుకోండి. నోరి మీద పల్చగా అన్నం పరిచి, నిలువుగా తరిగిన దోసకాయ పెట్టి చాపలా చుట్టడమే. వట్టి కీరదోసకాయ పెట్టి చుట్టేది అక్కడ పాతకాలం నుంచీ ఉన్న వంటకమే, కప్పమాకి అంటారు. శాకాహారులు సర్దుకుపోయి తినేదేమీ కాదు. గుడ్డు తినేవారు అట్టు ముక్క పెట్టుకోవచ్చు. దాని పక్కన ఆకుపచ్చ ముద్ద ఒకటి పెడతారే, వసాబి, అది ఆవాల వంశపు మొక్క దుంప. ట్యూబుల్లో అమ్మేది చాలావరకు వేరే ఘాటు దుంపకి ఆవపొడి, రంగు చేర్చినదే. ఆవపెట్టిన కూర తినే మనకి ఆ ముక్కుపోటు తెలిసిందే కదా.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పచ్చిచేప మాత్రం ఇంట్లో చెయ్యకండి. సముద్రపు చేపల్లోనూ, చెరువు చేపల్లోనూ మనిషి కడుపులో చేరి బాధపెట్టే పురుగులు ఉంటాయి. పచ్చిగా తినడానికి అమ్మే చేపని మైనస్ 20 డిగ్రీల చలిలో 7 రోజులు, లేదా అంతకన్నా ఎక్కువ చలిలో తక్కువ కాలం, గడ్డకట్టించి ఆ పురుగులని చంపుతారు. మన ఇంటి ఫ్రిజ్జు పైఅరకి అంత శక్తి ఉందని నమ్మడానికి లేదు. పైగా చలికి పురుగు చస్తుంది గాని సూక్ష్మజీవులు చావవు. బజారులో నిన్నటి మంచులో ఉన్న చేప పులుసుకి పనికి వస్తుంది, ఎందుకంటే మనం దానిని తుకతుకా ఉడికిస్తాం. పిల్లలు ఫోనులో చూపించి ఎంత బతిమాలినా వినకండి.

తినే పద్ధతి కూడా ఒకటి చెప్పుకోవాలి. రెండు పుల్లలతో తినడం మా పిల్లలు నాకన్న ముందే నేర్చేసుకున్నారు. నేను మొదటిరోజు ఆ పుల్లలు అన్నంలో నిలువుగా గుచ్చి మంచినీళ్ల కోసం లేచాను. పెద్దావిడ చటుక్కున తీసి పక్కన పెట్టేసింది. మనిషి పోయినప్పుడు ఆ తలదగ్గర పెట్టే అన్నం గిన్నెలో పుల్లలు అలా గుచ్చుతారట. ఒకరి పుల్లల నుంచి మరొకరు పుల్లలతో అందుకోవడమూ తప్పే, దహనం అయ్యాక అస్థికలు అలా ఏరుతారు. పిండం పెట్టే తీరులో అన్నం వడ్డిస్తే మన పెద్దలు ఎంత ఉలిక్కిపడతారో, ఇదీ అంతే.

ఇక అసలు విషయానికి వస్తాను. జపాను వంటంతా ఒక నీటి మీద నిలబడి ఉంటుంది. దాని పేరు దాషి. చారులో అదే, కూర ఉడికించేది అందులోనే, నూడుల్సు పులుసూ అదే, గుడ్డు అట్టులో కూడా రెండు చెంచాలు పోస్తారు. చూడడానికి లేత టీ నీళ్లలా ఉంటుంది. మామూలుగా దానిని కొంబు అనే దళసరి సముద్రపు నాచుతోనూ, ఉడికించి, పొగబెట్టి, కర్రలా ఎండబెట్టి, చిత్రికపట్టినట్టు పల్చగా గీకిన చేపతోనూ చేస్తారు. ఆ చేప రేకులని కత్సువోబుషి అంటారు. ఈ నీటికి అంత రుచి ఎక్కడిదని 1908లో టోక్యో విశ్వవిద్యాలయంలోని కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త పరిశోధించి, కొంబు నుంచి గ్లుటమేట్ ని వేరుచేశారు. తీపి, పులుపు, ఉప్పు, చేదు కాక ఇది మరొక రుచి అని ఉమామి అని పేరు పెట్టారు. మరుసటి సంవత్సరం నుంచే దానిని పొడిగా అమ్మడం మొదలయింది. మనం బండి మీది నూడుల్సులో వేస్తారని చెప్పుకునే అజినొమోటో అదే. బాగా పండిన టమాటాతో చారు కాచినప్పుడు అడుగున తగిలే నిండుదనం ఉంటుందే, అందులోనూ ఆ పదార్థం ఉంది.

ఆ దాషిలో చేప ఉంటుందని నాకు మొదట తెలియలేదు. చేప ముక్క కనపడదు, చేప వాసన రాదు. మూడు నెలలు చారు తాగాను గాని అడగలేదు. నేను, మా వారు, పిల్లలు చేప తింటాం కనుక నాకు ఆ ఆలోచన కలగలేదు. మా అత్తగారు మాత్రం మామగారు పోయిన సంవత్సరం నుంచి నీచు ముట్టరు. నేను తిరిగి వచ్చేటప్పుడు మా చెల్లెలు చారు పొడి పొట్లాలు కొన్ని పెట్టెలో సర్దింది. వేడినీళ్లు పోసి కలపడమే. ఆ ఆషాఢంలో అత్తగారికి జ్వరం వచ్చి, నోటికి ఏదీ సయించక, పాలు కూడా వద్దంటూ పడుకున్నారు. నేను ఆ పొట్లం కలిపి, మెత్తటి అన్నంతో పెట్టాను. "అమ్మాయ్, ఇదేదో కమ్మగా ఉందే" అని గిన్నెడూ తాగారు. నాలుగు రోజులు అదే. నాకు ఎంత సంతోషమో, ఫోనులో మా చెల్లెలితో గొప్పగా చెప్పుకున్నాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత, "అక్కా, దాంట్లో చేప ఉంటుందే. నువ్వు తాగుతావని పెట్టాను గాని" అంది.

ఆ పొట్లం మీద అంతా జపాను అక్షరాలే. నేను చదవలేను. చదివించుకోనూ లేదు. తప్పు నాదే. మా వారితో చెప్తే, "తెలిసి చేశావా? జ్వరం తగ్గింది. ఇప్పుడు చెప్పి ఆవిడ మనసు కష్టపెట్టడం ఎందుకు, ఊరుకో" అన్నారు. రెండు రాత్రులు ఊరుకున్నాను. మూడోరోజు ఉదయం ఆవిడ నా చేతి కాఫీ అందుకుంటూ, "ఆ చారు ఇవాళ కూడా పెడతావా?" అన్నారు. ఇక దాచలేకపోయాను. "అత్తయ్యా, దాంట్లో చేప ఉందటండీ. నాకు తెలియదు" అన్నాను. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, లేచి తలస్నానం చేసి వచ్చారు. సాయంత్రానికి స్టోర్ రూములోంచి పాత స్టవ్వు తీయించి, రెండు గిన్నెలు విడిగా పెట్టుకుని మూడు వారాలు తన అన్నం తనే వండుకున్నారు. తిట్టి ఉంటే బాగుండునని అప్పుడు ఎన్నిసార్లు అనుకున్నానో.

అందుచేత మీకు ఈ మాట ముందు చెప్తున్నాను. మీ ఇంట్లో నీచు తినని పెద్దలుగాని, చుట్టాలుగాని ఉంటే, ఈ వంటలలో కళ్లకి కనిపించేది చూసి మోసపోకండి. కూరగాయల నూడుల్సు అంటారు, దాని కింది నీళ్లు చేపవి అయి ఉంటాయి. మన దేశంలో అమ్మే పొట్లాల మీద ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారమని, గోధుమరంగు త్రికోణం ఉంటే కాదని గుర్తు. కానీ మన పిల్లలు, చుట్టాలు విదేశాల నుంచి పెట్టెలో తెచ్చేవాటి మీద ఆ గుర్తులు ఉండవు. ఇప్పుడు ఫోనులో ఫొటో తీస్తే అక్షరాలు మార్చి చదివి పెడుతోంది. నాకు ఆ పని అప్పుడు తోచలేదు.

మరి చేప లేకుండా దాషి ఉండదా అంటే, భేషుగ్గా ఉంటుంది. జపానులో బౌద్ధ మఠాల వంట అంతా శాకాహారమే. షోజిన్ ర్యోరి అంటారు. వాళ్లు కొంబు, ఎండు షీతాకే పుట్టగొడుగులతో దాషి చేస్తారు. లీటరు నీళ్లకి అరచేతి అంత కొంబు ముక్క, తూకంలో పది గ్రాములు చాలు. దాని మీద తెల్లటి పొడి ఉంటుంది, బూజు కాదు, రుచి అందులోనూ ఉంటుంది, కడిగేయకండి. తడిగుడ్డతో అద్దండి. నీళ్లలో వేసి అరగంటైనా, వీలుంటే రాత్రంతా అయినా నానబెట్టి, సన్నని మంట మీద కాచి, అడుగున బుడగలు మొదలవుతూ ఉండగానే కొంబు తీసేయాలి. తెర్లనిస్తే జిగురు, చేదు దిగుతాయి. పుట్టగొడుగులయితే నాలుగు తీసుకుని ఫ్రిజ్జులో చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు కలుపుకోవాలి. ఆ పుట్టగొడుగులు పారేయకుండా తరిగి కూరలో వేయండి. కొంబు కూడా పారేయకూడదు, సన్నగా తరిగి సోయా సాసు, పంచదారలో ఇగిరిస్తే అన్నంలోకి నంచుకోవచ్చు.

ఆ దాషి మూడు గ్లాసులు కాగుతూ ఉండగా టోఫు ముక్కలు వేసి, మంట ఆపి, రెండున్నర పెద్ద చెంచాల మిసో గరిటెలో కరిగించి కలిపితే నలుగురికి చారు. మిసో అంటే సోయా చిక్కుళ్లు, ఉప్పు, బూజుపట్టించిన బియ్యం లేక బార్లీ కలిపి నెలల తరబడి ఊరబెట్టిన ముద్ద. ఆవకాయ జాడీ లాంటిదే, పాతబడిన కొద్దీ రంగు ముదురుతుంది. మిసో వేశాక మరిగించకూడదు, సువాసన పోతుంది. మన చారు ఒక్క పొంగు రానిచ్చి దింపినట్టే. మిసో డబ్బా మీద కూడా చూసుకోండి, కొన్నింటిలో చేప దాషి ముందే కలిపి అమ్ముతారు.

టోఫు కొనుక్కోవచ్చు గాని ఇంట్లో చెయ్యడం కష్టమేమీ కాదు. గ్లాసు సోయా చిక్కుళ్లు రాత్రి నానబెట్టి, మెత్తగా రుబ్బి, ఆరు గ్లాసుల నీళ్లతో పలచన చేసి, పచ్చివాసన పోయేదాకా పది నిమిషాలకి తక్కువ కాకుండా కలుపుతూ కాచండి. ఇది పొంగడంలో పాలని మించిపోతుంది, పెద్ద గిన్నె తీసుకోండి. గుడ్డలో వడకట్టి, మళ్లీ వేడిచేసి, నీళ్లు కలిపిన నిమ్మరసం కొద్దికొద్దిగా పోస్తే విరుగుతుంది. అక్కడ సముద్రపు నీటి నుంచి తీసే నిగారి అనే లవణంతో విరగ్గొడతారు. గుడ్డలో మూట కట్టి బరువు పెడితే పనీరులా గట్టిపడుతుంది. మిగిలిన పిప్పిలో శనగపిండి, ఉల్లిపాయ చేర్చి వడలు వేసుకోండి.

సోయా సాసు విషయంలో మన చేతికి అదుపు ఉండాలి. ఒక పెద్ద చెంచాలో సుమారు రెండున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికి అయిదు గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మిసో, సోయా, ఊరగాయ మూడూ ఒక పూటే పెడితే రక్తపోటు ఉన్నవారికి చేటే. పెద్దావిడ చిన్న గిన్నెలో నాలుగు చుక్కలు వేసుకుని అంచు అద్దుకునేది. మనం సీసా వంచేస్తాం.

ఊరగాయ అన్నాను కదా, ఒక ముచ్చట. ఆవిడ వంటింట్లో సింకు కింద ఓ కుండలో తడి తవుడు ఉండేది. ఉప్పు కలిపిన ఆ తవుడులో రాత్రి దోసకాయ, ముల్లంగి పాతిపెట్టి, పొద్దున తీసి కడిగి కోసేది. పుల్లగా, కరకరలాడుతూ ఉండేవి. రోజూ చేత్తో అడుగు నుంచి కలపకపోతే తవుడు పాడవుతుందట. మనం గేదెకి వేసేదానిని అక్కడ పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంటుంటే నాకు వింతగా ఉండేది. ఇక నత్తో అని పులియబెట్టిన సోయా గింజలు ఉంటాయి, ఎత్తితే బెండకాయ జిగురులా తీగలు సాగుతాయి. అది నేను మూడు నెలలూ ప్రయత్నించి ఓడిపోయాను. మీకు సిఫారసు చెయ్యను.

జపానువాళ్లు ఇంట్లో తరచుగా చేసుకునే మరో వంటకం, నమ్మండి, కర్రీ అన్నం. మెయిజీ చక్రవర్తి కాలంలో ఇంగ్లీషువాళ్ల ద్వారా అక్కడికి చేరింది. తరువాత మన దేశం నుంచి తిన్నగా వెళ్లింది ఇంకొకటి ఉంది. వైస్రాయి హార్డింజి మీద 1912లో బాంబు వేసిన కేసులో పోలీసులు వెతుకుతూంటే రాస్ బిహారీ బోస్ 1915లో జపాను చేరుకున్నారు. టోక్యోలో షింజుకు అనే పేటలో నకమురాయా రొట్టెల దుకాణం నడిపే దంపతులు ఆయనని దాచారు, తరువాత తమ కుమార్తెనిచ్చి పెళ్లి చేశారు. 1927లో ఆ దుకాణం వారి భోజనశాలలో బోసు గారి పద్ధతి కోడికూర వడ్డించడం మొదలుపెట్టారు. ఇప్పటికీ అమ్ముతున్నారు. మామూలు ఇళ్లల్లో చేసేది అది కాదు, చిక్కటి గోధుమరంగు పులుసు. చాక్లెట్టు బిళ్లల్లాంటి మసాలా ముద్దలు అమ్ముతారు, వాటితో చేస్తారు. ఆ ముద్దలు చాలా రకాలలో ఆవు కొవ్వో, పంది కొవ్వో ఉంటుంది. కాబట్టి ఇంట్లో రెండు చెంచాల వెన్నలో రెండు చెంచాల మైదా ఎర్రగా వేయించి, ధనియాలు, జీలకర్ర, మెంతులు, మిరియాల పొడి, పసుపు వేసి, ఉడికిన ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్ నీళ్లతో కలిపి, ఒక ఆపిల్ పండు తురిమి వేసేయండి. పిల్లలు గిన్నె నాకుతారు.

మిగిలిన దేశాల వంటల దగ్గరా మెలకువ ఇదే. థాయి కూరల ముద్దలో రొయ్యల ముద్ద, ఉప్పుకి బదులు చేప సాసు ఉంటాయి. పచ్చిమిర్చి, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం ఇంట్లోనే నూరుకుని ఉప్పు వేసుకుంటే ఆ బెంగ లేదు. వాళ్లు వేసే ఒక జాతి నిమ్మ ఆకు దొరక్కపోతే దబ్బాకు చించి వేయండి. మజ్జిగలో వేసుకునే అలవాటున్నవారికి ఆ వాసన కొత్త కాదు. కొబ్బరిపాలు మరీ మరగనివ్వకండి.

కొరియా కిమ్చీలోనూ ఉప్పురొయ్యలు, చేప సాసు మామూలే. చైనా క్యాబేజీకి ఉప్పు పట్టించి రెండు గంటలు ఉంచి, కడిగి పిండి, వరిపిండి జావలో వెల్లుల్లి, అల్లం, కారం కలిపి ఆకు ఆకుకీ పూయాలి. మన గుంటూరు కారం వేస్తే మంట నెత్తికెక్కుతుంది, రంగుకి వాడే బ్యాడిగి మిరప మంచిది. మన ఎండలకి ఒక్కరోజు బయట ఉంచితే చాలు, తరువాత ఫ్రిజ్జులో పెట్టండి. చలికాలానికి ఇరుగూ పొరుగూ కూడి కిమ్చీ పెట్టుకునే ఆచారాన్ని, జపాను భోజన సంప్రదాయాన్ని యునెస్కో 2013లోనే, ఒకే సంవత్సరం, గుర్తించింది. మన వేసవి ఆవకాయలు ఎవరూ గుర్తించకపోయినా మనం పెట్టుకుంటూనే ఉన్నాం.

బర్మా వంట మాత్రం మనవాళ్లకి పూర్తిగా పరాయిది కాదు. ఇంగ్లీషువాళ్ల కాలంలో మన కోస్తా నుంచి ఎందరో రంగూన్ కి పొట్టకూటికి వెళ్లారు. అక్కడి కొబ్బరిపాల నూడుల్సు, ఖౌస్వే, చిక్కదనానికి శనగపిండే కలుపుతారు. ఉల్లి, అల్లం, వెల్లుల్లి, పసుపు వేయించి, శనగపిండి నీళ్లు, కొబ్బరిపాలు పోసి కాచి, ఉడికిన నూడుల్సు మీద పోసుకుని, వేయించిన ఉల్లిపాయలు, నిమ్మరసం, ఎండుమిర్చి పొడి చల్లుకోవాలి. శాకాహారులు మొదట ప్రయత్నించడానికి నా మటుకు నాకు ఇది అన్నింటికన్న సులువు.

మా అత్తగారి సంగతి మధ్యలో ఆపేశాను. మూడు వారాలు గడిచాక ఒకరోజు కొంబు కొని తెప్పించాను. పుట్టగొడుగులు ఆవిడ దృష్టిలో సగం నీచే కనుక వాటి జోలికి పోలేదు. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసి, "అత్తయ్యా, మీరు కూర్చుని చూడండి" అన్నాను. కొంబు చేతిలో పెట్టాను. తిప్పి చూసి, వాసన చూసి, "నాచా?" అన్నారు. "మనం పాలతో జున్నులా చేసుకునే చైనా గ్రాస్ కూడా సముద్రపు నాచే కదండీ" అన్నాను. మాట్లాడలేదు. నీళ్లు కాచాను, కొంబు తీశాను, డబ్బా మీది అక్షరాలు మా అమ్మాయి ఫోనులో చదివి వినిపించింది, మిసో కలిపాను. ఆవిడ తన గిన్నె తనే తెచ్చుకున్నారు. తాగి, "అంత కమ్మగా లేదు" అన్నారు. నిజమే, చేప లేదు కదా. అయినా గిన్నె మళ్లీ చాపారు.

ఇప్పటికీ నా చేతి వంట తినే ముందు, చారైనా, సాంబారైనా, "దీంట్లో ఏం పడ్డాయో చెప్పు" అంటారు. నేను ఇంగువతో సహా అన్నీ ఒప్పజెప్తాను. మొన్న మా వాడు కొరియా నూడుల్సు పొట్లం తెస్తే, ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వాడి పక్కన కూర్చుని, "చదువు" అన్నారు. వాడు చదువుతూ చదువుతూ ఆగి, "రొయ్య ఉంది నానమ్మా" అన్నాడు. "అయితే నువ్వు తిను" అని పొట్లం వాడి చేతిలో పెట్టి, "అమ్మాయ్, ఆ నాచు నీళ్లు ఉన్నాయా?" అని నన్ను కేకేశారు.